పైన పటారం, లోన అల్లాయ్: హైబ్రిడ్ కారు చక్రాల లెక్క

పంక్చరు షాపుకు వెళ్లినప్పుడే చాలామందికి తమ కారు చక్రం అసలు రూపం తెలుస్తుంది. అంతదాకా వెండిలా మెరుస్తూ, అయిదు రేకల పువ్వులా కనిపించింది కాస్తా, కుర్రాడు స్క్రూడ్రైవరు పెట్టి ఒక్క తోపు తోయగానే టప్పున ఊడి చేతికొస్తుంది. దాని కింద నల్లరంగు పూసిన ఇనప రిమ్ము, అంచుల్లో కాస్త తుప్పు. ఇలాంటి వాటికోసమే మన పెద్దలు ఒక సామెత చేసిపెట్టారు: పైన పటారం, లోన లొటారం.

ఈ సామెతను తలకిందులు చేసిన కారు ఒకటుంది. టయోటా ప్రియస్. అమెరికాలో 2004 నుంచి 2009 వరకు అమ్మిన రెండో తరం ప్రియస్‌కు 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు ఉండేవి. కానీ బయటికి కనిపించేది బూడిదరంగు ప్లాస్టిక్ మూత. మామూలు కంపెనీలు ఇనప రిమ్ము మీద అల్లాయ్‌లా కనిపించే ప్లాస్టిక్ తొడిగితే, టయోటా అసలు అల్లాయ్ మీదే ప్లాస్టిక్ తొడిగింది. కొన్నవాళ్లు రెండు వర్గాలయ్యారు. ఇంత చక్కని చక్రాన్ని దాచడమేమిటని మూతలు పీకి గ్యారేజీలో పడేసినవాళ్లు ఒక వర్గం. మైలేజీ కోసం పెట్టిన మూతను తీస్తే హైబ్రిడ్ కొని ఏం లాభమన్నవాళ్లు రెండో వర్గం. 2023లో వచ్చిన అయిదో తరంలోనూ కింది రకానికి ప్లాస్టిక్ మూతే ఉంది కాబట్టి ఈ తగువు ఇంకా తెగలేదు.

మన దేశంలో 2022 నుంచి హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వరసగా హైబ్రిడ్ రూపంలో రావడంతో ఇదే ప్రశ్న హైదరాబాదులోనూ విజయవాడలోనూ వినిపిస్తోంది. అల్లాయ్ వీల్స్ వేయిస్తే మైలేజీ పెరుగుతుందా? ప్లాస్టిక్ మూత ఉంటే మేలా? రెండు పక్షాల వాదనల్లోనూ కొంత నిజముంది, కొంత పుకారుంది. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ఏది దేనికి పోటీ?

ముందుగా ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. ప్లాస్టిక్ మూత బరువు మోయదు. బరువు మోసేది దాని వెనకున్న రిమ్ము. ఆ రిమ్ము ఇనుముదైనా కావచ్చు, అల్యూమినియం మిశ్రమానిదైనా కావచ్చు. కాబట్టి మన ముందున్నవి నిజానికి నాలుగు ఏర్పాట్లు: ఇనప రిమ్ము మీద మూత; అల్లాయ్ మీద మూత; అదే సైజులో మూతలేని అల్లాయ్; ఒకటి రెండు అంగుళాలు పెంచిన మూతలేని అల్లాయ్. మన వీధుల్లో 'అల్లాయ్ వేయించాను' అంటే ఎక్కువసార్లు ఈ నాలుగోదే. వాదించుకునేవాళ్లు మాత్రం మొదటిదాని గుణాలను నాలుగోదానితో పోలుస్తుంటారు. సగం గందరగోళం అక్కడే పుడుతోంది.

ఇనప రిమ్ము తయారీ తేలిక. రేకును అచ్చులో ఒత్తి డిస్కు చేస్తారు, మరో రేకును చుట్టి వలయం చేస్తారు, రెంటినీ వెల్డింగుతో కలుపుతారు. అల్లాయ్ చక్రం పోతపోసిన వస్తువు. దాదాపు 7 శాతం సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిసిన అల్యూమినియాన్ని కరిగించి, తక్కువ పీడనంతో అచ్చులోకి పంపి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి గట్టిపరుస్తారు. ఈ విద్య మనకు దూరపుదేమీ కాదు. విశాఖపట్నం దువ్వాడ దగ్గరి ప్రత్యేక ఆర్థిక మండలిలో సినర్జీస్ కాస్టింగ్స్ అనే సంస్థ ఇలాంటి చక్రాలు పోతపోసి జనరల్ మోటార్స్ వంటి అమెరికా కంపెనీలకు పంపింది.

బరువు మాట

అల్లాయ్ పక్షంవారి మొదటి వాదన బరువు. అల్యూమినియం సాంద్రత ఇనుములో మూడోవంతు కాబట్టి చక్రమూ మూడోవంతు బరువే ఉంటుందనుకుంటారు. అలా ఉండదు. అల్యూమినియం మెత్తన, అందుకే దాన్ని మందంగా పోతపోస్తారు. ఒకే సైజులో పోలిస్తే చక్రానికి ఒకటి రెండు కిలోలు తగ్గవచ్చు. కొన్ని చవక అల్లాయ్‌లు ఇనప రిమ్ము కంటే తేలిక కావు. సైజు రెండంగుళాలు పెంచితే అల్లాయే బరువెక్కుతుంది.

తిరిగే చక్రం మీద ఒక కిలో తగ్గితే కారులో పది కిలోలు తగ్గినట్టేనని షాపుల్లో గట్టిగా చెబుతుంటారు. భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. చక్రం రెండు పనులు చేస్తుంది: కారుతోపాటు ముందుకు పోతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది. ముందుకు పోవడానికి అయ్యే శ్రమ ఎంతో, తిరగడానికయ్యే శ్రమ మహా అయితే అంతే, అదీ ఆ బరువంతా టైరు చిట్టచివరి అంచున ఉంటేనే. రిమ్ము అంచుకన్నా లోపలే ఉంటుంది కాబట్టి కిలో రిమ్ము సుమారు కిలోన్నర సాధారణ బరువుతో సమానం. చక్రానికి రెండు కిలోల చొప్పున నాలుగింటికీ ఎనిమిది కిలోలు తగ్గిస్తే, కారులో పన్నెండు కిలోలు తగ్గినట్టు. పన్నెండు వందల కిలోల కారులో అది ఒక్క శాతం. స్టెప్నీ కింద పడున్న పాత సామాను తీసేస్తే కూడా ఇంతే తేలికవుతుంది.

ఇక్కడే హైబ్రిడ్ మామూలు పెట్రోలు కారుకు భిన్నంగా నిలుస్తుంది. బరువు ఇంధనాన్ని తినేది ముఖ్యంగా వేగం పుంజుకునేటప్పుడు. పెట్రోలు కారులో ఆ పుంజుకున్న శక్తంతా తర్వాతి సిగ్నలు దగ్గర బ్రేకులో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. హైబ్రిడ్‌లో బ్రేకు నొక్కగానే మోటారు జనరేటరుగా మారి ఆ శక్తిని కరెంటుగా బ్యాటరీకి పంపుతుంది. తిరిగే చక్రంలో దాగిన శక్తి కూడా అందులో భాగమే. మోటారు, ఇన్వర్టరు, బ్యాటరీ తలా కొంత కోత పెట్టినా చెప్పుకోదగ్గ భాగం వెనక్కి వస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్కులో గంటకు నలభైసార్లు ఆగి కదిలినా బరువు చేసిన అప్పును హైబ్రిడ్ కొంతైనా తిరిగి వసూలు చేసుకుంటుంది. అంటే తేలిక చక్రంతో హైబ్రిడ్‌కు ఒరిగేది మామూలు కారుకన్నా తక్కువ.

తేలిక చక్రానికి వేరే గుణం ఉంది, దాన్ని కాదనలేం. స్ప్రింగులకు దిగువన ఉండే బరువు తగ్గితే గతుకుల మీద చక్రం రోడ్డును బాగా అంటిపెట్టుకుంటుంది, స్టీరింగు చురుగ్గా స్పందిస్తుంది. అది నడపడంలోని హాయి. దాన్ని మైలేజీ ఖాతాలో రాయకూడదు.

గాలి మాట

ఇక ప్లాస్టిక్ పక్షం వాదన. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం అడుగు, నేలను తాకే బిందువు, ఆ క్షణాన కదలకుండా ఉంటుంది. చక్రం పైకొస మాత్రం 160 వేగంతో ముందుకు దూకుతుంటుంది. చక్రం ఆకులు గాలిని ఫ్యాను రెక్కల్లా చిలుకుతాయి. చక్రాల గూళ్లలో సుడులు లేస్తాయి. కారు మొత్తం ఎదుర్కొనే గాలి నిరోధంలో దాదాపు పావు వంతు చక్రాలు, వాటి గూళ్ల వల్లేనని వాహన ఇంజనీర్లు లెక్కగడతారు. చక్రం ముఖాన్ని చదునుగా మూసేస్తే ఆ చిలకడం తగ్గుతుంది.

ఈ తెలివి కొత్తది కాదు. అమెరికాలో బోనవిల్ ఉప్పునేలల మీద వేగం రికార్డుల కోసం పరుగెత్తిన కార్లు చక్రాలకు నున్నటి అల్యూమినియం పళ్లేల్లాంటి మూతలు వేసుకునేవి. కాలిఫోర్నియాలో డీన్ మూన్ తయారుచేసిన ఆ మూతలు 'మూన్ డిస్కులు'గా పేరుపడ్డాయి. 1999లో వచ్చిన మొదటి హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్ ఇంకో అడుగు వేసి, వెనక చక్రాల పైభాగాన్ని బాడీ రేకుతోనే కప్పేసింది. దాని గాలి నిరోధ గుణకం 0.25. రెండో తరం ప్రియస్‌ది 0.26. టెస్లా 2017లో మోడల్ 3కి అచ్చం ప్రియస్ పద్ధతినే పాటించింది: 18 అంగుళాల అల్లాయ్ మీద చేత్తో పీకగలిగే ప్లాస్టిక్ మూత. అమెరికా పత్రిక 'కార్ అండ్ డ్రైవర్' ఆ మూతలు పెట్టీ తీసీ నడిపి చూస్తే, హైవే వేగాల్లో సగటున 3.4 శాతం ఆదా తేలింది. మూత వట్టి అలంకారం కాదని దీంతో రుజువైంది.

అయితే ఏ వేగంలో అన్నది అసలు సంగతి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే గాలి నాలుగింతలు అడ్డుకుంటుంది. టైరు దొర్లడానికయ్యే నిరోధం మాత్రం ఏ వేగంలోనైనా ఇంచుమించు ఒకటే. మధ్యరకం హైబ్రిడ్ కారుకు ఉజ్జాయింపుగా లెక్కవేస్తే, 40 వేగంలో టైరు మూడు పాళ్లు లాగితే గాలి ఒక పాలు లాగుతుంది. 70 దగ్గర రెండూ సమానం. 100 వేగంలో గాలిది టైరుకు రెండింతలు.

మూత వల్ల గాలి నిరోధం 3 శాతం తగ్గిందనుకుందాం. 100 వేగంలో కారు పడే మొత్తం శ్రమలో అది 2 శాతం. 40 వేగంలో ఒక్క శాతం కూడా కాదు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, సగం ఊళ్లో సగం హైవేలో, లీటరుకు 24 చొప్పున తిరిగే కారుకు ఇది ఏడాదికి ఎనిమిది తొమ్మిది లీటర్లు. ఔటర్ రింగు రోడ్డు మీదో, విజయవాడ హైవే మీదో రోజూ తిరిగేవారికి ఇంకాస్త ఎక్కువ. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లొచ్చేవారికి దాదాపు సున్నా. ఒక్క తేడా మరచిపోకూడదు: బరువు తిన్నదాంట్లో కొంత బ్రేకు దగ్గర తిరిగొస్తుంది, గాలి తిన్నది ఎప్పటికీ తిరిగిరాదు. హైబ్రిడ్ తయారీదారులు అల్లాయ్ మీద ప్లాస్టిక్ కప్పింది అందుకే.

మన బజారులో దొరికే ఇనప రిమ్ముల మూతలన్నీ ఈ పని చేస్తాయనుకుంటే పొరపాటు. ప్రియస్, టెస్లా మూతలు గాలి సొరంగంలో పరీక్షించి గీసినవి. ముఖం చదునుగా, కన్నాలు చిన్నగా ఉంటాయి. ఆటో సామాన్ల షాపులో దొరికేవి అల్లాయ్‌లా కనిపించడానికి గీసినవి. లోతైన ఆకులు, పెద్ద ఖాళీలు. రూపం అల్లాయ్‌ది అరువు తెచ్చుకున్నాక గాలిని చిలికే గుణం కూడా దానితోపాటు వస్తుంది.

మధ్యలో మరచిపోయిన టైరు

మూత, లోహం అంటూ కొట్లాడుకునేవాళ్లు పక్కనపెట్టేసే సాక్షి టైరు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2023 ప్రియస్‌కిచ్చిన అంకెలు చూడండి. 17 అంగుళాల చక్రాలు, వాటి మీద ప్లాస్టిక్ మూతలున్న ఎల్‌ఈ రకం, ముందు చక్రాల డ్రైవుతో, గ్యాలనుకు 57 మైళ్లు. 19 అంగుళాల అల్లాయ్‌లున్న పై రకాలు 52 మైళ్లు. మన లెక్కలో లీటరుకు 24.2, 22.1 కిలోమీటర్లు. దాదాపు 9 శాతం తేడా. ఏడాదికి 15,000 కిలోమీటర్ల మీద అరవై లీటర్లు. ఇంజను అదే, బ్యాటరీ అదే. పై రకాల్లో కొంత అదనపు సామాను బరువు ఉన్నమాట నిజమే గానీ, కొట్టొచ్చినట్టు కనిపించే మార్పు చక్రాలే.

ఇంకా విశేషం, రెండు టైర్ల వెడల్పూ 195 మిల్లీమీటర్లే. ఎల్‌ఈకి 195/60 ఆర్17, పైవాటికి 195/50 ఆర్19. బయటి వ్యాసంలోనూ తేడా సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. మారిందల్లా లోపల. రబ్బరు గోడ 117 మిల్లీమీటర్ల నుంచి 98కి తగ్గింది, లోహం రెండంగుళాలు పెరిగి అంచువైపు జరిగింది, మూసిన ముఖం తెరుచుకుంది, టైరు రకం మారింది. ఇవన్నీ తలా ఒక చెయ్యి వేశాయి.

2010లో 'కార్ అండ్ డ్రైవర్' ఒక ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కు 15 నుంచి 19 అంగుళాల దాకా ఒక్కో సైజు మార్చి పరీక్షించింది. 15కీ 19కీ మధ్య మైలేజీ దాదాపు 10 శాతం పడిపోయింది, వేగం పుంజుకోవడం 4 శాతం నెమ్మదించింది. అది హైబ్రిడ్ కాదు, అయినా ఫలితం అదే దారిలో ఉంది. అంటే మూత మీద రెండు శాతం కోసం వాదించుకుంటూ సైజు మీద పది శాతం వదిలేసుకుంటున్నాం.

యూరప్ ఈ నిజాన్ని చట్టంలోకి ఎక్కించింది. 2017 నుంచి అక్కడ అమలవుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షా విధానంలో, కొనేవారు పెద్ద చక్రాలు ఎంచుకుంటే ఆ కారు కార్బన్ అంకె కూడా ఆ మేరకు మారుతుంది. పన్ను ఆ అంకెతో ముడిపడ్డ దేశాల్లో చక్రం మోజుకు పన్ను రూపంలో బిల్లు వస్తుంది. మన దగ్గర బ్రోషర్లో కనిపించే అంకె వేగం గంటకు 90 దాటని భారతీయ డ్రైవ్ సైకిల్ పరీక్షలో, ప్రయోగశాలలో తీసింది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు ప్రకటించిన లీటరుకు 27.97 కిలోమీటర్ల అంకె అలాంటిదే. మీరు బయట వేయించుకున్న చక్రాలతో ఆ అంకెకు ఏ సంబంధమూ ఉండదు.

బ్రేకుల వేడి, తిరుమల ఘాటు

మూత పెడితే బ్రేకులకు గాలి తగలదు, కాలిపోతాయని కొందరి భయం. మామూలు కారులో ఈ అనుమానానికి కొంత ఆధారముంది. హైబ్రిడ్‌లో మామూలు బ్రేకింగులో చాలా భాగాన్ని మోటారే చూసుకుంటుంది. బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగకపోవడం, వాడకం చాలక డిస్కుల మీద తుప్పు పొర కనిపించడం హైబ్రిడ్ యజమానులకు అలవాటైన సంగతులే. ఊళ్లో తిరిగే హైబ్రిడ్‌కు మూత వల్ల బ్రేకు వేడెక్కే ప్రమాదం దాదాపు లేదు.

ఘాటు రోడ్డు దగ్గర కథ మారుతుంది. తిరుమల నుంచి అలిపిరికి దిగే కారును తీసుకోండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోల బండి అంత దిగితే వదిలే శక్తి దాదాపు 2.9 యూనిట్ల కరెంటుకు సమానం. దొర్లుడూ గాలీ ఒక యూనిట్ దాకా మింగినా, రెండు యూనిట్లకు దగ్గరగా మిగులుతుంది. గ్రాండ్ విటారా, హైరైడర్ల హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం మొత్తం 0.76 యూనిట్లే. సగం కొండ దిగేలోపే బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత వేగాన్ని ఆపాల్సింది ఇంజనో, మామూలు బ్రేకులో. టయోటా హైబ్రిడ్లలో గేరు దగ్గర 'బి' అన్న అక్షరం పెట్టింది ఇందుకే. దానిలో వేస్తే ఇంజను ప్రతిఘటిస్తూ బండిని అదుపులో ఉంచుతుంది.

కంపెనీ మూతలు ఈ వేడిని లెక్కలోకి తీసుకుని కన్నాలు వదిలి చేసినవి, వాటితో నిశ్చింతగా దిగవచ్చు. మైలేజీ పిచ్చితో రేకు కత్తిరించి చక్రాన్ని పూర్తిగా మూసేసేవారు మాత్రం తిరుమల, శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్లకు ముందు దాన్ని తీసేయాలి. మూతలేని అల్లాయ్‌కు ఇక్కడ ఒక మెట్టు ఎక్కువ మార్కులివ్వాలి. అల్యూమినియం వేడిని ఇనుముకన్నా సుమారు మూడింతలు చురుగ్గా లాగి బయటికి వదులుతుంది.

మన గుంతలు, మన బాగుచేతలు

అమెరికా లెక్కలు మన రోడ్డెక్కాక కొన్ని తారుమారవుతాయి. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో పడితే ఇనప రిమ్ము సొట్టపోతుంది. ఏ ఊళ్లోనైనా ఒక మేస్త్రీ దాన్ని సుత్తితో కొట్టి, తిప్పి చూసి బెండు తీసి ఇస్తాడు. అల్లాయ్ కొంతదాకా తట్టుకుంటుంది, దాటితే పగులుతుంది. వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు. ట్యూబ్‌లెస్ టైరులో గాలి రోజుకు కొంచెం కొంచెం తగ్గుతుంటుంది. పగిలిన అల్లాయ్‌ను వెల్డింగు చేసి వాడటం ప్రాణాలతో చెలగాటం. వేడిచేసి గట్టిపరిచిన లోహాన్ని వెల్డింగు మంట అతుకు చుట్టూ మళ్లీ మెత్తబరుస్తుంది.

గుంతకు అసలు మందు రబ్బరు గోడ. హైరైడర్‌కున్న 215/60 ఆర్17 టైరు గోడ 129 మిల్లీమీటర్లు. హైక్రాస్ పై రకానికున్న 225/50 ఆర్18 గోడ 112. రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య ఉండే దిండు అదే. రెండంగుళాలు పెంచి పలచని టైరు వేయించుకున్నవారు ఆ దిండును తామే కోసుకున్నట్టు.

మూతకూ కష్టాలున్నాయి. ఇనప తీగ క్లిప్పుల మీద ఆధారపడ్డ మూత గట్టి గతుకుకు ఎగిరి డివైడరు పక్కన పడుతుంది. జాతీయ రహదారుల అంచున బోర్లాపడి మెరిసే పళ్లేలన్నీ అలాంటివే. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి క్లిప్పులు విరుగుతాయి. పార్కింగులో మాయమయ్యేవీ ఉన్నాయి, అందుకే చాలామంది నైలాన్ ట్యాగులతో కట్టేస్తారు. కానీ నాలుగు మూతల ఖర్చుకు కంపెనీ అల్లాయ్ ఒక్కటి కూడా రాదు. మూత పోతే విసుగు, అల్లాయ్ పోతే అప్పు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇనప రిమ్మును తినేస్తుంది. మూత దాన్ని కనబడనివ్వదు. ఏడాదికి రెండుసార్లయినా మూతలు తీసి కడిగించడం మంచిది. అల్లాయ్‌కు అలాంటి తుప్పు లేదు గానీ, ఇనప హబ్బుతో కలిసే చోట రెండు లోహాల మధ్య చర్య జరిగి చక్రం అతుక్కుపోతుంది. పంక్చరు రోజున నట్లన్నీ ఊడి చక్రం మాత్రం రాకపోతే కారణం అదే.

మెరుపు వెనక బజారు

ఇంత లెక్కలోనూ కనిపించని శక్తి ఒకటుంది: చూపు. మన దేశంలో చక్రమే కారు రకాన్ని పట్టిస్తుంది. గేటు ముందు ఆగిన బండి బేసా, టాపెండా అన్నది పక్కింటివారు చూసేది చక్రంలోనే. అందుకే కంపెనీలు ఇనప రిమ్మునే అల్లాయ్‌లా కనిపించేట్టు ఒత్తి అమ్ముతున్నాయి, మూతలకు రెండు రంగులు వేస్తున్నాయి.

అమెరికాలో 57 మైళ్లిచ్చే ప్రియస్ అన్నిటికన్నా చవక రకం. అదనంగా డబ్బు కట్టినవారికి 52. అక్కడ కనీసం ఆ ఎంపిక కొనేవారి చేతిలో ఉంది. మన దగ్గర హైబ్రిడ్ ఇంజను చాలావరకు మధ్య, పై రకాలకే పరిమితమై ఎక్కువగా అల్లాయ్‌లతో కలిపే వస్తుంది. డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువారు చిన్న చక్రాల హైబ్రిడ్‌ను అడిగి కొనుక్కోగలరు. హనుమకొండలో షోరూముకు వెళ్లినవారు ఇచ్చింది తీసుకోవాలి. ఇంధనం పొదుపు కోసమే కొనే కారులో పొదుపు చక్రం మాత్రం ఎంచుకునే వీలు పెద్దగా లేకపోవడం మన మార్కెట్టులోని లోటు.

పరిష్కారం వైపు ఇప్పటికే కొన్ని అడుగులు పడ్డాయి. టాటా కర్వ్ ఈవీ వంటి కరెంటు కార్లలో అల్లాయ్ ఆకుల మధ్య ఖాళీలను ప్లాస్టిక్ పలకలతో పూడుస్తున్నారు. బరువు మోసే పని లోహానిది, గాలిని తప్పించే పని ప్లాస్టిక్‌ది. ప్రియస్ మూత కింద దాచిన జోడింపునే ఇప్పుడు కళ్లకు ఇంపుగా బయటపెట్టారు.

తీర్పు

సమీక్ష మొత్తం మీద తేలింది ఇది. హైబ్రిడ్ కారుకు అన్నిటికన్నా మేలైన ఏర్పాటు చిన్న సైజు అల్లాయ్ మీద కంపెనీ మూత. దానికి కాస్త వెనక, దాదాపు సమానంగా, అదే సైజు ఇనప రిమ్ము మీద చదునైన మూత. మూతలేని అదే సైజు అల్లాయ్ ఊళ్లో వీటికి సాటి, హైవేలో రెండు శాతం వెనక. అందరికన్నా అడుగున నిలిచేది, అందరికన్నా ఎక్కువ ఖరీదుతో కొనేది, రెండంగుళాలు పెంచిన అల్లాయ్.

మీ కారుకు కంపెనీ మూతలుంటే పీకకండి. ఘాటు దిగడానికీ భయపడకండి. అల్లాయ్‌లుంటే ఉన్నవాటితో సంతృప్తి పడండి. మార్చక తప్పకపోతే అదే సైజులో, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నవి, నట్ల వృత్తం, ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం సరిగ్గా సరిపోయేవి తీసుకుని, బీమా కంపెనీకి తెలియజేయండి. టైర్లు మార్చే రోజున మాత్రం ఒక గంట ఎక్కువ వెచ్చించండి. తక్కువ నిరోధంతో దొర్లే టైరును అడగండి. ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఫ్రిజ్‌లకిచ్చినట్టే టైర్లకూ నక్షత్రాలిస్తోంది, చూసి కొనండి. పదిహేను రోజులకోసారి డ్రైవరు తలుపు అంచున రాసి ఉన్నంత గాలి కొట్టించండి. మూత మీదా మెరుపు మీదా జరిగే వాదన రెండు శాతానిది. టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన ఆ అంకెలది పది శాతం. ముందు వాటిని చదవండి.